ద్రాక్షాపాకం

తరగతిలో ద్రాక్షాపాకం, కదళీపాకం, నారికేళపాకం అంటూ కవిత్వానికి భేదాలు చెప్పడం నాకు ఇరవై ఏళ్ళుగా అలవాటు. ద్రాక్షపండు నోట వేసుకోగానే రసం అందుతుందనీ, అరటిపండుకు తొక్క ఒలవాలనీ, కొబ్బరికాయకు పీచు తీసి పగలగొట్టాలనీ చెబుతాను. కాని ద్రాక్షను నిజంగా పొయ్యిమీద పెట్టినవారెవరూ ఆ పోలిక తెచ్చి ఉండరని నా అనుమానం. జెల్లీ చేద్దామంటే ఆ పండు పెట్టే పరీక్ష కొబ్బరికాయ కూడా పెట్టదు సుమండీ!

గింజలేని పచ్చద్రాక్ష తినడానికే బాగు. దీనికి బెంగుళూరు బ్లూ అనే నల్లద్రాక్ష కావాలి. పులుపుంటుంది, నొక్కితే తోలు ఊడివస్తుంది. పావువంతు దోరవి కూడా వెయ్యవయ్యా అంటే బండివాడు నన్ను వింతగా చూశాడు. గడ్డకట్టే గుణం దోరకాయలోనే ఎక్కువ మరి. ఆ పదార్థానికి 1825లో పెక్టిన్ అని పేరు పెట్టినవాడు బ్రాకొన్నో అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు. గ్రీకులో గడ్డకట్టినదని అర్థం.

రెండు కిలోల పండ్లు గ్లాసెడు నీళ్ళతో ఉడికించి, చిదిపి, పలుచని గుడ్డలో మూటకట్టి రాత్రంతా వేలాడదీయాలి. మూట పిండామా, రసం మడ్డిబారుతుంది. దిగిన రసం మరో రాత్రి ఫ్రిజ్‌లో ఉంచితే అడుగున ఇసుకలాంటి పలుకులు చేరతాయి. అవి తీయకపోతే జెల్లీలో పంటికింద రాళ్ళే.

ఇంతవరకు ఎవరైనా చేస్తారు. నాలుగు గ్లాసుల రసానికి మూడు గ్లాసుల పంచదార, రెండు చెంచాల నిమ్మరసం వేసి పెద్దమంట పెట్టాక వస్తుంది తంటా. వేడి 105 డిగ్రీల సెంటీగ్రేడుకు రావాలి. ముందు దించితే షర్బత్తు, ఆలస్యమైతే బంక.

మా అత్తగారు వంటింటి గడప అవతల పీట వేసుకుని కూర్చున్నారు. రెండేళ్ళుగా ఆవిడకు మరుపు. కాఫీ తాగిన అయిదు నిమిషాలకే "కాఫీ ఇవ్వవుటే?" అంటారు. ఒకనాడు గ్యాసు తిప్పి వెలిగించడం మరచినప్పటి నుంచి మావారు ఆవిడను పొయ్యి దగ్గరకు రానివ్వడం లేదు. ఒకప్పుడు అరిసెల పాకానికి వీధివీధంతా పిలుచుకు వెళ్ళిన మనిషి!

"అదేం పాకమే?"

"జెల్లీ అత్తయ్యా, ద్రాక్షపళ్ళది."

"తీగ రానివ్వకు, ముదిరిపోతుంది. ఏదీ, గరిటె ఇలా తే."

హాల్లో మావారు పేపరు దించారు. నేను అటు చూడకుండా ఆవిడ చెయ్యిపట్టి పొయ్యి దగ్గరకు తెచ్చాను. గరిటె ఏటవాలుగా పట్టి రెండుమార్లు చూశారు. చుక్కలు వేరువేరుగా పడ్డాయి. మూడోమారు అంచున రెండు చుక్కలు ఒకటై రేకులా జారాయి.

"దించు," అన్నారు.

చల్లని పళ్ళెంలో బొట్టు వేసి వేలితో తోస్తే పైన ముడతపడింది. థర్మామీటరు కొందామనుకున్నదాన్ని, ఇక కొనను.

తెల్లారేసరికి సీసాలలో గడ్డకట్టింది. మావారు రొట్టెకు రాసుకుని మూడు ముక్కలు తిన్నారు, పల్లెత్తుమాట అనకుండా. అత్తగారు సీసాను వెలుతురుకు పట్టి చూసి, "ఎవరు చేశారే ఇది?" అన్నారు.

"మీరే."

"పాకం బాగానే పట్టానులే," అన్నారు.