దోమ పుట్టు చోటు

చెరువు ప్రక్కను కాపురముండువారు దోమలతో ఎట్లు వేగుచున్నారో స్వయముగా చూచి వ్రాయవలసినదని సంపాదకులు కోరగా, వానలు వెనుకబట్టి చలి యింకను ముదురని కార్తికమాసపు దినములలో నేను కంభమునకు పోయితిని. కంభమునకు వచ్చినవారికి చూపుటకు ఊరివారియొద్ద కావలసినంత కలదు. నల్లమలలో గుండ్లబ్రహ్మేశ్వరము చెంత పుట్టిన గుండ్లకమ్మ, జంపలేరు తోడుగా, రెండు కొండల నడిమి యిరుకునుండి దిగిపోవుచుండగా, ఆ యిరుకును కట్టతో మూయించి చెరువు చేయించినది శ్రీకృష్ణదేవరాయల పత్నియు గజపతి పుత్రికయు నగు వరదరాజమ్మ యని తరతరముల ప్రతీతి. ఆ కట్ట యెత్తు సుమారు 57 అడుగులు. 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంఘమువారు ఈ చెరువును ప్రపంచ వారసత్వ నీటిపారుదల కట్టడములలో నొకటిగా గుర్తించిరి. ఇవన్నియు వరుసగా చూపుటకు మనుష్యులు సిద్ధముగానే యుండిరి. కాని నేను కట్ట యెక్కకముందే, దిగువను, రాళ్ళసందులనుండి యూరిన నీరు చిన్న చిన్న మడుగులుగా నిలిచిన తావున, ఒక వృద్ధుడు పొడుగాటి పిడిగల తెల్లని గిన్నెతో వంగి నిలుచుండుట చూచితిని. తక్కిన దినమంతయు ఆయన వెంటనే గడచినది.

ఆయన మార్కాపురమువాడు. మలేరియా విభాగమున ఇల్లిల్లు తిరుగు కొలువు చేసి విరమించిన పిమ్మటగూడ, చుట్టములున్న ఊళ్ళకు పోయినపుడెల్ల ఆ గిన్నెను సంచిలో పెట్టుకొని పోవును. ఊరివారు ఆయన పేరు వాడుట నేను వినలేదు. పిల్లలు మొదలుకొని ముసలివారివరకు 'మలేరియా సారు' అనియే పిలిచిరి. చేతివ్రేళ్ళ కణుపులు ఉబ్బి, కుడిచేతి చూపుడువ్రేలు పూర్తిగా ముడుచుకొనక నిలిచియున్నది. నా చూపు దానిపై నిలుచుట గమనించి, "ఇది మా బోరు నీళ్ళవల్లనయ్యా, చిన్నప్పటినుంచి తాగింది అవే" అని, ఆ మాటను అంతటితో విడిచి, మరల మడుగువైపు తిరిగెను.

ఆ గిన్నెను నీటిలో ముంచుట సామాన్యమైన పనిగా తోచును గాని అది గొప్ప విద్య. సూర్యునికి ఎదురుగా నిలిచి, తన నీడ మడుగుపై పడకుండ వెనుకకు పడునట్లు చూచుకొని, అడుగుల చప్పుడు లేకుండ దగ్గరకు పోయి, గిన్నె అంచును ఏటవాలుగా వంచి, గడ్డిమొదలుల వెంట నీటి పైపొరను మాత్రమే లోనికి జారనిచ్చి, బురద కలగకముందే ఎత్తవలెను. నీడ పడినచో, నీరు కదలినచో, దోమపిల్లలన్నియు అడుగునకు మునిగిపోవును. గిన్నెలోనికి వట్టి నీరే వచ్చును. వచ్చిన ఉద్యోగి 'ఇచట దోమలు లేవు' అని పుస్తకమున వ్రాసికొని పోవును. ఆ వంగని వ్రేలిని పిడి పొడుగునను చాచి, తక్కిన నాలుగువ్రేళ్ళతో పట్టి, ఆయన గిన్నెను ముంచి తీయుట చూచినపుడు, ఆ చేతికి ఎన్ని మడుగులు ఎన్ని కాలువలు పరిచయమో నాకు తెలియవచ్చెను.

తెల్లని గిన్నెలో మొదట నీరు తప్ప మరేమియు కనబడలేదు. "ఓపిక పట్టండయ్యా, గాలికోసం పైకి రావాల్సిందే" అనెను. కొంతసేపటికి బియ్యపుగింజలో సగమైనను లేని పురుగులు ఒక్కొక్కటిగా పైకి తేలెను. మురికికాలువలలో పెరుగు క్యూలెక్సు దోమ పిల్ల, తోకచివరనున్న గొట్టమును నీటి పైపొరకు తగిలించి, తలక్రిందుగా వ్రేలాడుచు గాలి పీల్చును. చలిజ్వరమును మోయు అనాఫిలిసు దోమ పిల్లకు ఆ గొట్టము లేదు గనుక, అది పైపొరకు ఆనుకొని అడ్డముగా పరుండును. మా గిన్నెలో నున్నవన్నియు అడ్డముగా పరుండినవే. అవి పుట్టిన నీరు అద్దమువలె స్వచ్ఛముగా నున్నది. దుర్గంధమున్న చోటనే దోమ పుట్టుననుకొను పట్టణవాసులు ఈ మడుగుముందు ఒకమారు నిలిచి చూడవలెను.

అపుడే కట్టమీదినుండి దిగుచున్న యువకుడొకడు, ఈ చెరువు నిండినంతకాలము మాకు నిద్ర లేదనియు, దీనిపై మందు చల్లించువారే లేకపోయిరనియు బిగ్గరగా అనుచు పోయెను. వృద్ధునికి కోపము వచ్చినది. "చెరువును తిట్టొద్దు నాయనా! నిండు చెరువులో అల కొడతా ఉంటాది, చేప తింటా ఉంటాది. దోమ యాడ గుడ్డు పెడతాది? మనం పట్టించుకోకుండా వదిలేసిన అంచుల్లో పెడతాది" అని, వాడు వినిపించుకొనక పోయినను, వాని వెనుక చాలదూరము మాటలు పంపెను.

ఆ కోపము నాకును అంటుకొన్నది. చెరువు దోమలను కనుచున్నదనుట నేడు చెరువుగట్టు ఊళ్ళన్నిటను వినబడు మాట. చెరువు పూడ్చి ఇళ్ళస్థలములు చేయదలచువారికి అది యెంతయో అనుకూలమైన మాటయు. నిజమునకు అపరాధమంతయు అంచులది. కట్టనుండి యూరు నీరు పారుటకు దారి లేక మడుగుగట్టును. పంటకాలువలలో తుంగయు జమ్మును పెరిగి ప్రవాహము నిలిచిపోవును. వేసవిలో చెరువు వెనుకకు తగ్గినపుడు ఒండ్రుమట్టిపై పశువుల గిట్టలు దిగిన గుంటలు నీటితో నిలుచును. మన పల్లెపట్టులలో మలేరియాను వ్యాపింపజేయుటలో ముఖ్యమైన అనాఫిలిసు క్యూలిసిఫేసీసు అను జాతికి కావలసినది ఇట్టి చిన్ననీరే. గుడ్డునుండి ఎగురు దోమ యగుటకు వారము పది దినములు చాలును. అంతలోపల ఆ నీటిని కదలించువాడొకడు వచ్చినచో దోమ లేదు, రానిచో నున్నది.

ఆ వచ్చువాడు పూర్వము ఉండెను. కడప జిల్లాలోని పోరుమామిళ్ళ చెరువు శాసనము, 1369వ సంవత్సరమునాటిది, మంచి చెరువునకు వలసిన పండ్రెండు అంగములను చెప్పి, పిదప చెరువునకు ఆరు దోషములను లెక్కించి, వానిలో కట్టనుండి నీరు ఊరుటను ఒకటిగా చెప్పుచున్నది. ఆరువందల యేండ్ల క్రిందట రాతిపై చెక్కి హెచ్చరించిన దోషము నా కన్నులయెదుట మడుగై నిలిచి, అడ్డముగా పరుండిన పురుగులను పెంచుచున్నది. ఆనాటివారు దోమను తలచి ఆ మాట వ్రాయలేదు. కట్ట తెగునను భయముతో వ్రాసిరి. అయినను కట్టను కాచినవాడు తెలియకయే జనులను జ్వరమునుండియు కాచెను. చెరువు మరమ్మతునకై దశబంధపు ఇనాములుండెను. తూము తెరచి మూయుటకు, కాలువ వెంట నడచి గండ్లు పూడ్చుటకు, తుంగ కోయించుటకు నీరుగంటి యుండెను. ఆయకట్టు రైతులు ఇంటికొక మనిషి చొప్పున పూడికతీతకు వచ్చెడివారు. ఇనాములు పోయినవి, నీరుగంటి పోయెను, ఆ బాధ్యత మాత్రము ఎవరి చేతికిని పూర్తిగా రాలేదు. కాలువ ఒక శాఖది, మడుగు మరియొక శాఖది, జ్వరము వేరొక శాఖది. నీటికి ఈ పంపకములు తెలియవు.

మధ్యాహ్నము మేము మార్కాపురమునకు బస్సులో పోవుచుండగా వృద్ధుడు తన కొలువునాటి సంగతులు చెప్పెను. 1953లో జాతీయ మలేరియా నియంత్రణ కార్యక్రమము మొదలైనది; 1958లో దానిని నిర్మూలన కార్యక్రమముగా మార్చిరి. డీడీటీ చల్లిన పెద్దలవద్ద ఆయన పని నేర్చెను. ఇంటి గోడలకు మందు కొట్టి, కొట్టిన తేదీని తలుపు ప్రక్కన గోడపై వ్రాసెడివారట. పక్షమునకొకమారు వచ్చి జ్వరమున్నదా యని యడిగి, ఉన్నచో వ్రేలికొస గుచ్చి రక్తపుచుక్కను గాజుపలకపై పూసికొని పోయెడివారట. 1965 నాటికి దేశమంతటను మలేరియా సుమారు లక్ష కేసులకు దిగినది. పని యైపోయినదనుకొన్నారు, తిరుగుట తగ్గినది, దోమ మందుకు అలవాటుపడినది, 1976లో లెక్క 64 లక్షలకు ఎక్కినది. "అదిగో ఆ తర్వాతనే అయ్యా మమ్మల్ని తీసుకుంది" అని ఆయన అనినపుడు ఆ కంఠములో గర్వమును చూచితిని. అది తగిన గర్వమే. 1897 ఆగస్టు 20వ తేదీన సికిందరాబాదులో దోమ కడుపున మలేరియా క్రిమిని చూచిన రొనాల్డ్ రాస్, ప్రపంచమంతటను పేరు వచ్చిన పిమ్మట, దోమల దండులను కూర్చవలసిన తీరునుగూర్చి పుస్తకము వ్రాసెను. కుండలు బోర్లించుచు, గుంటలు పూడ్చుచు, ఇల్లిల్లు తిరుగు మనుష్యులు కావలెననియే ఆయన చెప్పినది. నోబెల్ బహుమానము పొందినవాని ఉపదేశమును ఆచరణలో పెట్టినది ఇట్టి వ్రేళ్ళు గలవారు. వారి స్థానములు ఒక్కొక్కటి ఖాళీయగుచుండగా, పొగయంత్రము మోగించుకొనుచు వీధులలో పోవు వాహనమును చూచి మనము తృప్తిపడుచున్నాము. పొగ ఎగురుచున్న దోమలలో కొన్నిటిని చంపును. నీటిలోని పిల్లలను ముట్టదు.

మార్కాపురము పలకల ఊరు. బడిపిల్లల చేతులకు పలకలనిచ్చిన రాతిగనులలో విడిచినవి వాననీటితో నిండి కుంటలైనవి. వానినిగూర్చి ప్రత్యేకముగా వ్రాయవలెను. వృద్ధుడు నన్ను అటు పోనీయక తన వీధికి దగ్గరనున్న ఒక సందులోనికి తీసికొనిపోయెను. ఆ సందున ప్రతి వాకిటను నీలిరంగు ప్లాస్టిక్ పీపాలు వరుసగా నిలిచియున్నవి. చెరువునుండి ఎంతో దూరము వచ్చితిమి. దోమలు మాత్రము తగ్గలేదు. ఇచటి దోమ వేరు. నల్లని దేహముపై తెల్లని చారలు గలిగి, పగటివేళ కుట్టి, డెంగీజ్వరమును తెచ్చు ఏడిసు.

ఒక వాకిట పీపాలో ఆయన గిన్నె ముంచగా, పిల్లలు గిలగిల కొట్టుకొనుచు వచ్చెను. ఇంటి యిల్లాలు, ముప్పదియేండ్లలోపుది, చంటిపిల్లను చంకనెత్తుకొని వచ్చి చూచి, చిన్నబుచ్చుకొన్నది. ఆయన అలవాటుగా, "అమ్మాయ్, శుక్రవారం డ్రై డే కదా, పారబోయలేదా?" అని అడిగెను.

"ఎట్ల పారబోసేది పెద్దయ్యా? కుళాయి వచ్చి ఇన్ని దినాలాయె, మళ్ళా ఎప్పుడొస్తాదో చెప్పేవాళ్ళు లేరు. బోరు నీళ్ళు నోట్లో పెట్టుకోలేం. ట్యాంకరుకు డబ్బులిచ్చి పట్టుకున్న నీళ్ళు. పురుగులున్నాయని పారబోస్తే పిల్లకు స్నానం యాడనుంచి చేయించేది?"

ఆ మాటకు నేను ప్రత్యుత్తరమును వెదకలేదు, ఏలయన అది లేదు. ఈ వీధులలో దోమ పుట్టుచున్నది నీటి సమృద్ధివలన గాదు, నీటి కరవువలన. భూగర్భజలమున ఫ్లోరైడు, కుళాయికి నియమిత దినము లేదు, కనుక దొరికిన నీటిని దొరికినంత దాచవలెను, దాచిన నీటిలో ఏడిసు గుడ్డు పెట్టును. శ్రీశైలము జలాశయమునుండి నల్లమల అడుగున సొరంగములు తొలిచి కృష్ణానీటిని ఇచటికి తెచ్చు వెలిగొండ పథకమునకు 1996లో శంకుస్థాపన జరిగినది. ఆ యేడు పుట్టిన ఆడుబిడ్డలు నేడు తల్లులై పీపాల ప్రక్కన నిలిచి ఇట్లు అడుగుచున్నారు. నీరు పారబోయుడని వీరికి బోధించుటకు ముందు, పారబోసిన నీటికి మారుగా నీరు వచ్చు దినమేదో చెప్పవలసిన ధర్మము మనపై నున్నది.

వృద్ధుడు ఆమెను ఇంకేమియు అనలేదు. పాత పంచెముక్క ఒకటి అడిగి తీసికొనెను. పీపాలోని నీటిని ఆ గుడ్డద్వారా బిందెలలోనికి వడగట్టించి, పురుగులున్న గుడ్డను ఎండిన నేలపై దులిపెను. పిమ్మట కొబ్బరిపీచు తీసికొని, భుజమువరకు చేయి పీపాలోనికి చాచి, నీరు నిలిచిన గీటుకు పైభాగమున చుట్టును గట్టిగా రుద్దెను. ఏడిసు గుడ్లు నీటిలో నుండవు, నీటిగీటుకు పైన తడిగోడకు అంటియుండును. పీపా ఎండినను అవి నెలలకొలది చావక, మరల నీరు తగిలిననాడు పొదుగును. వట్టి పారబోత చాలదనుటకు కారణమిది. రుద్దుట ముగిసిన పిదప వడగట్టిన నీటిని తిరిగి పోయించి, పంచెముక్కను ఉదికించి మూతిపై పరచి, సంచిలోనుండి పాత సైకిలు ట్యూబునుండి కోసిన పట్టీని తీసి, ఆ వంగని వ్రేలితో ఒక కొసను అదిమిపట్టి, గుడ్డ ఎచటను ముడుత పడకుండ బిగించి కట్టెను. "చెంబు ముంచినప్పుడల్లా మళ్ళీ కట్టాలమ్మా. సందు ఉంటే చాలు, దూరుతాది" అనెను. ఆమె తానే ఒకమారు విప్పి కట్టి చూచి, ప్రక్కింటి యామెను పిలిచెను.

ఒక్క చుక్కయు వృథా కాలేదు, ఏ మందును అక్కరకు రాలేదు. ఇట్టి విద్య గలవారు విరమించుచుండగా వారి వెనుక పని నేర్చువారిని నియమించుటకు పెద్ద ధనము కాదు. కంభము కట్టదిగువ ఊటనీరు కాలువకు చేరుటకు రాతితో నొక చిన్న తోవ కట్టించుట, ఆయకట్టు కాలువల తుంగ కోయించుట, బీదవారి పీపాలకు బిగువైన మూతలిచ్చుట, ఇవి పెద్ద పథకములు కావు. వానికంటె ముందు చేయదగినది మరియొకటి కలదు. ఒకనాడు మందు కొట్టిన తేదీని ప్రతి గోడపై వ్రాసి పోయినవారి దేశము, కుళాయి విప్పు తేదీని ప్రతి వీధి మొదటి గోడపై వ్రాయించి, ఆ తేదీకి నీరు విడువవలెను. అది స్థిరపడిననాడు ఆ యిల్లాలు మూడు పీపాల బదులు ఒక్కదానితో సరిపెట్టుకొందునని తానే మాతో చెప్పినది.