తుపాకి ఇంట్లో లేని దసరా

జూన్ 11, 2024
ఎన్నికలని ఠాణాలో అప్పగించిన తుపాకి ఇవాళ ఇంటికొచ్చింది. బరంపురంలో పోలింగు మే 13న అయిపోయింది, తెచ్చుకోవడంలో బద్ధకం నాదే. ఇచ్చేముందు నూనె రాయాలన్న జ్ఞానమూ లేకపోయింది. గోపాలపురం సముద్రపు గాలి ఊరుకుంటుందా? జోడు గొట్టాల నిండా ఎర్రటి పొడ.

జూన్ 19
తుపాకి, లైసెన్సు పుస్తకం పట్టుకుని తుపాకులు బాగుచేసే కొట్టుకి వెళ్లాను. మరమ్మతుకీ లైసెన్సు ఉండాలి, వీధి చివరి కమ్మరికి ఇచ్చేది కాదు. మేస్త్రీ ఒడియా పెద్దాయన. తెలుగు నాకన్నా తేటగా మాట్లాడతారు. నా నమస్కారం అందుకోకుండానే తుపాకి మడిచి, గొట్టాల్లోంచి వెలుతురు చూశారు. "ముందు ఖాళీగా ఉందో లేదో చూడాలి బాబూ. నమస్కారం తర్వాత."

గొట్టం కింద 'నాట్ ఫర్ బాల్' అని ముద్ర. 1875–1887 మధ్య బ్రిటన్‌లో, మూతి దగ్గర సన్నబడే గొట్టాలకి వేసేవారు. చిన్న రవ్వలే తప్ప ఒంటి గుండు పెట్టొద్దని. ఇప్పటి తూటాల్లో ఉండే పొగరాని మందుకి పరీక్షించిన ముద్ర అసలే లేదు. తాత అడవిపందుల మీద ఏ తూటాలు పేల్చాడో! పందుల మాటేమో గానీ, ఆయనకి గండం తప్పింది.

జూన్ 20
నిద్ర లేదు. చేతిలో రసీదు ఒక్కటే. ముత్తాత కాలం నుంచి ఈ తుపాకి ఉండే గోడ మారింది లేదు, ఇల్లే 1936 ఏప్రిల్ 1న మద్రాసు రాజధానిలోంచి ఒడిశాలోకి వచ్చి పడింది. నాన్న ఈ మాట చెప్పి తనే నవ్వుకునేవాడు.

ఆగస్టు 3
తుపాకి ముక్కలు ముక్కలుగా బల్ల మీద. ఒక మర రాలేదని నాలుగు రోజులు నూనెలో నానబెట్టారట. నల్లరంగు వేసేస్తారా అని అడిగాను. ఇప్పటివాళ్లలా మరిగే ఉప్పుల తొట్టెలో ముంచితే, రెండు గొట్టాల్నీ పట్టి ఉంచే సీసం-తగరం అతుకు ఊడుతుందట. అందుకని మందు పూసి తుప్పు పట్టనిస్తారు, నీళ్లలో ఉడికిస్తారు, ఇనుప పీచుతో రుద్దుతారు, మళ్లీ పూస్తారు. వానాకాలం తేమకి పని చురుగ్గా సాగుతుందట. పాడు చేసిన గాలికే కూలి ఇస్తున్నట్టుంది!

గొట్టం మీద వరసగా మూడు గుంటలు. "ఇవేంటి బాబూ?"
ఏటా ఆయుధపూజకి అమ్మ పెట్టే తడి కుంకుమ బొట్లు.
గీకితే గొట్టం పలచబడుతుందని అలాగే వదిలేశారు. "అమ్మగారికి చెప్పండి, ఇక తడిబొట్టు వద్దని."

అక్టోబర్ 12
దసరా. తుపాకి ఇంకా కొట్లోనే. పీట మీద కత్తిపీట, స్కూటరు తాళం, వాటి పక్కన లైసెన్సు పుస్తకం. నేను చూసేలోపే దాని అట్ట మీద బొట్టు పడింది. రెన్యువలుకి ఛత్రపురం తీసుకెళ్తే ఈ ఎరుపేమిటని గుమాస్తా అడుగుతాడే అన్నాను.

"అడిగితే నా పేరు చెప్పు," అంది అమ్మ, కొబ్బరికాయ అందుకుంటూ.