గుడి ప్రక్క గది

మా యూర రెండు మైకులు కలవు. ఒకటి రామాలయము మీదిది. రెండవది పేటలోని క్రైస్తవ దేవాలయము మీదిది. కార్తికమాసమున మొదటిది, డిసెంబరు నెలలో రెండవది తెల్లవారకమునుపే మేల్కొనును. పరీక్షలకు చదువుకొను పిల్లలకును, జ్వరముతో పడియున్న ముసలివారికిని రెండును సమానమే. ఈ పోటీని మాన్పింపబోయి ఇరుపక్షముల వారిచేతను చీవాట్లు తిన్నవాడను నేను. కావున రెండేండ్ల క్రిందట పేట పాస్టరుగారు మా యింటికి వచ్చి, "మాస్టారూ, మా గుడిలో చిన్న రేడియో కేంద్రము పెట్టదలచినాము. అర్జీ మీరు వ్రాసిపెట్టవలెను" అని యడిగినప్పుడు, మూడవ మైకు వచ్చుచున్నదని నా మనస్సున కొంత విసుగు కలిగెను.

ఆయన నా ముఖము చూచి నవ్విరి. "మైకు వినక తప్పదు. రేడియో అయితే అక్కరలేనివాడు కట్టేసుకుంటాడు. అందుకే రేడియో కావాలంటున్నాను" అనిరి. ఆ మాటకు నాయొద్ద ప్రత్యుత్తరము లేకపోయెను.

అర్జీ వ్రాయుటకు పూర్వము నిబంధనలు తెప్పించి చదివితిని. ఆకాశతరంగములు ప్రజల సొత్తని 1995వ సంవత్సరమున మన సుప్రీముకోర్టు తీర్పు చెప్పినది. అయినను చిన్న రేడియోలు పెట్టుకొను హక్కు 2002లో విద్యాసంస్థలకు మాత్రమే లభించినది. లాభాపేక్ష లేని సంఘములకు 2006లో గాని తలుపు తెరువబడలేదు. ప్రసారశక్తి సామాన్యముగా 100 వాట్లకు మించరాదు. అనగా పూర్వము మన వసారాలలో వెలిగిన పెద్ద బల్బంత. కార్యక్రమములలో సగమైనను స్థానికులే తయారు చేయవలెను. సొంతముగా వార్తలు చెప్పరాదు గాని, వాతావరణ సూచనలకు అడ్డు లేదు. ఇక ముఖ్యమైన షరతు: రాజకీయపక్షములకు అనుమతి లేదు; అర్జీ పెట్టు సంఘము రిజిస్టరయి, కొన్నియేండ్లు స్థానికులకు సేవ చేసినదై యుండవలెను. అమెరికాలో 2000వ సంవత్సరమున ఏర్పడిన నిబంధనలను బట్టి ఇట్టి 100 వాట్ల కేంద్రములను చర్చీలు సైతము నడుపుకొనుచున్నవి. మన దేశములో గుడి పేర పెట్టిన అర్జీ సాగునో లేదో యని నాకు సందేహము కలిగెను.

ఈ సంగతి పాస్టరుగారికి చెప్పునప్పుడు నాలో కొంత సంతోషము దాగియుండెనని ఒప్పుకొనవలెను. ఆయన కొంతసేపు మాటాడక కూర్చుండి, "అయితే అర్జీ గుడి పేర వద్దు. పేటలో ఆడవాళ్ళ పొదుపు సంఘము రిజిస్టరయి ఆరేండ్లయింది. వాళ్ళ పేర వ్రాయండి. గది మేమిస్తాము" అనిరి. సంఘపెద్దలు ఊరకుండలేదు. "మన గదిలో మన వాక్యము వినబడదా?" అని నిలదీసిరి. "వాక్యానికి గుడి ఉంది. గది ఊరిది" అని ఆయన సమాధానము. దానము చేసి గోడమీద పేరు చెక్కించుకొన్న వారిని పెక్కుమందిని చూచితిని. తన మాటకే చోటు లేని గదిని ఇతరుల మాటకై యిచ్చినవారిని చూచుట అదే మొదలు.

మాకు దారి చూపినది జహీరాబాదు ప్రాంతమునందలి మాచనూరు. అచ్చటి దళితస్త్రీలు 2008 అక్టోబరు 15వ తేదీన సంగం రేడియోను ప్రారంభించిరి. అనుమతి రాకపూర్వము అనేక సంవత్సరములు వారు చేతులు ముడుచుకొని కూర్చుండలేదు; తమ పాటలను, సేద్యపు ముచ్చటలను క్యాసెట్టులలో నెక్కించి సంఘముల కూటములలో వినిపించుకొనిరి. మేమును అట్లే చేయ నిశ్చయించితిమి. ధ్వనిగ్రహణము నాకు అప్పగింపబడెను.

మాది దివిసీమ. 1977 నవంబరు 19వ తేదీన సముద్రము ఐదారు మీటర్ల యెత్తున మీద పడి పదివేలకు మించిన ప్రాణములను గొనిపోయిన సీమ. మొదటి కార్యక్రమమునకు ఆ ఉప్పెననే విషయముగా గ్రహించితిమి. అప్పుడు పదేండ్ల పిల్లయై, తాటిచెట్టును పట్టుకొని బ్రదికిన యొక యమ్మ మాటాడుటకు ఒప్పుకొనెను. "సంద్రం లేచొచ్చింది" అని ఆమె ప్రారంభించెను. నేను ఫోను ఆపి, "సముద్రము పొంగినది అని చెప్పమ్మా, అందరికీ తెలుస్తుంది" అంటిని. ఆమె రెండుమారులు ప్రయత్నించెను. మూడవమారు కొంగుతో నోరు తుడుచుకొని, "పంతులుగారూ, ఆ మాట నా నోట పలకదు. మీరే చెప్పుకోండి" అని లేచిపోయెను.

ఇరువదియేండ్లుగా తప్పులు దిద్దుట నా వృత్తి. ఎఱ్ఱసిరా చుక్క పడని కాగితము నాకు కాగితముగా తోచదు. పేట పిల్లలు నా తరగతిలో వెనుకబల్లలమీద నోరు మెదపక కూర్చుండుటకు కారణము బిడియమని ఇన్నాళ్ళు తలచియుంటిని. వారు కూడ ఆమెవలెనే లేచిపోయినవారు. బల్లమీదనుండి కదలలేదు, అంతియే భేదము. మైకు మన చెవిని పట్టుకొని విడువదని నేను గోల పెట్టితిని. నా దిద్దుబాటు ఎదుటివాని నాలుకనే పట్టుకొన్నదని నాకు తెలియలేదు.

మరునాడు ఆమె యింటికి పోయి క్షమింపుమని వేడితిని. ఆమె పీట వేసి కూర్చుండబెట్టి, కోళ్ళను అదలించుచు, తన మాటలలోనే సమస్తమును చెప్పెను. నేను పెదవి విప్పలేదు.

ఆ రాత్రి దానిని మా యమ్మకు వినిపించితిని. ఉప్పెననాటికి ఆమె క్రొత్తగా కాపురమునకు వచ్చినది. ఏబదియేండ్లుగా ఈ యూరనున్నను ఒక్కనాడును పేటలో అడుగుపెట్టి యెఱుగదు. "సంద్రం లేచొచ్చింది" అన్న మాట వినగానే ఆమె నా చేయి పట్టుకొని, "అవునురా, పొంగలేదు. గోడలాగా లేచే వచ్చింది. ఎవరీ అమ్మాయి? చూసినట్టు చెప్పింది" అనెను. ఆమె ఇల్లు ఎచ్చటనో చెప్పితిని. మా యమ్మ చాలసేపు పలుకక, మరల వినిపింపుమనెను.

అర్జీ ఢిల్లీ చేరినది; అనుమతి యింకను రాలేదు. అంతవరకు ప్రతి యాదివారము సాయంకాలము ఆ గదిలో ఒక చిన్న పెట్టెద్వారా మా కార్యక్రమములు వినబడుచున్నవి. ఇష్టమున్నవారు వచ్చి వినుచున్నారు. మొన్నటి యాదివారము మా యమ్మ నా భుజము నూతగా గొని గుమ్మమువరకు వచ్చినది. లోనికి రాలేదు. ఆ తాటిచెట్టు అమ్మ కుర్చీ తెచ్చి గుమ్మమునొద్దనే వేసినది.