మా ఇంటి విల్లు

మేము తెలుగు బోధించువారము. శక్తి అనగానే మాకు స్ఫురించేవి అభిధ, లక్షణ, వ్యంజన అనే శబ్దశక్తులే. అట్టి మా వద్దకు మొన్నటి వేసవిలో అన్నగారి కుమార్తె, ఏడవ తరగతి బాలిక, సామాన్యశాస్త్ర పుస్తకంతో వచ్చినది.

"చిన్నాయనా, శక్తిని పుట్టించలేము, నశింపజేయలేము అని రాసినారు. మరి కరెంటు యాడ్నుంచి పుడ్తాది?"

కూర్చుండి చెప్పుటకంటె చూపుట మేలని తలచి, బస్సెక్కించి గండికోటకు తీసికొనిపోయినాము. ఎర్రమల కొండలను చీల్చుకొని పెన్న పారే ఆ గండి అంచున ఒక గుండును చూపినాము. కదలక ఉన్నను, ఎత్తు వలన దానిలో స్థితిజ శక్తి దాగియున్నది. జారినచో అది గతిజ శక్తి యగును. అడుగున తాకినప్పుడు కొంత చప్పుడుగా, ఎక్కువ వేడిగా మారును. 1840ల దశకంలో జౌల్ అనే ఆంగ్ల శాస్త్రజ్ఞుడు, దిగే బరువుతో నీటిలో తెడ్లు తిప్పి, నీరు వెచ్చబడుటను కొలిచి చూపినాడు. నేడు శక్తిని కొలిచేది ఆయన పేరుతోనే. కిలో బరువును వంద మీటర్లు ఎత్తుటకు సుమారు 980 జౌళ్లు కావలెను.

కరెంటు సంగతీ అంతే. కలమళ్ల వద్ద 1994లో మొదటి యూనిట్టు ఆరంభమైన రాయలసీమ తాప విద్యుత్కేంద్రంలో బొగ్గు మండును. ఆ బొగ్గు, కోట్ల ఏండ్లనాటి చెట్లు దాచుకొన్న ఎండయే. మంటతో నీరు ఆవిరియై టర్బైనును తిప్పగా విద్యుత్తు వచ్చును. అయితే బొగ్గులోని శక్తిలో ఇంచుమించు మూడవ వంతే విద్యుత్తగును. తక్కినది వేడిగా గాలిపాలు, నీటిపాలు. ఆ విద్యుత్తుతోనే మరల గండికోట జలాశయపు నీటిని చిత్రావతి జలాశయానికి ఎత్తుదురు. ఇక్కడ నీరు నిలుచుటకు తాళ్ల ప్రొద్దుటూరు వంటి ఊళ్లు మునిగినవి. ఆ లెక్క ఏ జౌళ్లలోనూ రాదు.

ఇల్లు చేరేసరికి మా తండ్రిగారు అరుగు మీద దగ్గుచున్నారు. వారు దూదేకులవారు. విల్లు భుజాన వేసికొని వేంపల్లె, లింగాల పల్లెలు తిరిగి పరుపులకు దూది ఏకినారు. యంత్రాలు వచ్చినవి, విల్లు గోడకెక్కినది. దూది ధూళి మాత్రం రొమ్ములో మిగిలినది.

బాలిక విల్లును చూచి, "జేజినాయనా, శక్తి నశించదంట. మరి నీ బలమంతా యాడికి పాయె?" అన్నది.

"మీ చిన్నాయన్ను అడుగు. చదివినోడు గదా!" అన్నారు వారు.

చెప్పక తప్పలేదు. జొన్న రొట్టెలోని రసాయన శక్తి కండలలోనికి వచ్చినది. కర్రమొద్దుతో కొట్టగా సాగిన నారిలో క్షణం నిలిచినది. దూదిని ఎగురవేసినది, వీధి చివరకు వినిపించే మ్రోతయైనది. కడకు వేడియై గాలిలో కలిసినది. నశించలేదు గాని, మరల కూడదీయ శక్యం కాదు. అందులో కొంత మా యోగి వేమన విశ్వవిద్యాలయపు ఎం.ఏ. రుసుము కూడా అయినది. ఇది మేము పైకి అనలేదు. పాఠంలో ఆ రూపము లేదు.

తండ్రిగారు విల్లు దించమన్నారు. నారి సడలిపోయినది. బొటనవ్రేలితో లాగి విడిచిరి, మ్రోత రాలేదు.

"నరం ఎండిపాయెరా. కొత్త నారి కట్టల్ల," అని ప్రొద్దుటూరులో ఎవరైనా అమ్ముదురేమో విచారించమన్నారు. మేము ఇంకను విచారించుచునే ఉన్నాము.