అంగడి నెపము

“ప్రజలు కోరినదే మేమిచ్చుచున్నాము” అని చలనచిత్ర వర్తకులు తఱచు చెప్పుదురు. ఈ మాట వినినప్పుడెల్ల నాకు అన్నా మే వాంగ్ అను నటి జ్ఞప్తికి వచ్చును.

ఈమె 1905లో అమెరికాలోని లాస్ ఏంజలిస్ నగరమున చీనా కుటుంబమున జనించి, మూకీచిత్రముల కాలముననే పేరు గడించినది. పెర్ల్ బక్ వ్రాసిన “గుడ్ ఎర్త్” నవల చీనా రైతు దంపతుల కథ. ఎం. జి. ఎం. సంస్థవారు దానిని చిత్రముగ తీయ సంకల్పించినప్పుడు, రైతు భార్యయగు ఓలాన్ పాత్రను వాంగ్ ఆశించినది. కాని భర్త వేషమునకు పాల్ ముని అను తెల్లజాతి నటుని ఏర్పఱచి, భార్య వేషమును లూయీ రైనర్ అను ఐరోపా నటికిచ్చిరి. ముఖములకు రంగు పూసి వారిని చీనావారిని చేసిరి. వాంగునకు చూపినది రెండవ భార్యగా వచ్చి కాపురము చెఱచు స్త్రీ వేషము. ఆమె దానిని నిరాకరించి 1936లో చీనా యాత్రకు వెడలినది. చిత్రము 1937లో వెలువడినది. మఱుసటి యేట రైనరునకు ఉత్తమ నటి ఆస్కారు లభించెను.

నేనా చిత్రమును చూచితిని. రైనరు నటన మెచ్చదగినదే. ఆమెను నేను తప్పు పట్టను; ఆ వేషమును పంచిన చేతులను గూర్చియే నా విచారము.

1930లో నిర్మాతలు తమకై యొక నియమావళి వ్రాసికొని, 1934 నుండి కఠినముగ అమలుపఱచిరి. తెలుపు, నలుపు జాతుల స్త్రీపురుషుల ప్రణయమును చూపరాదని అందు గలదు. ఆచరణలో ఆ గీత ఆసియావారికిని అడ్డమైనది. నాయకుడు తెల్లవాడైనచో నాయికయు తెల్లనిదే కావలెను. నాయకుడు తెల్లవాడే యేల? పేరున్న నటుడు లేనిదే టిక్కెట్లు అమ్ముడుపోవట! పేరు తెచ్చు వేషములీయరు. పేరు లేదని వేషములీయరు.

దీనిని నిజముగ అంగడియే కోరినదా? 1915లో “ది చీట్” అను చిత్రముతో సెస్యూ హయకావా అను జపానీయుడు అమెరికాలో గొప్ప తార అయ్యెను. 1918లో సొంత సంస్థను స్థాపించెను. పరజాతి ముఖమును చూచుటకు ప్రేక్షకుడు డబ్బీయడనుట యంతటితో తేలిపోవుచున్నది.

అంగడి ఒత్తిడి బొత్తిగా లేదని నేననను. 1940 దశకమున లీనా హార్న్ అను నల్లజాతి గాయని పాటలను కథతో ముడిపెట్టక విడిగా చిత్రించెడివారు. దక్షిణ రాష్ట్రములలో వానిని కత్తిరించుట సులభమని వారి ఎత్తు. అయినను పరుల దురభిమానమును ముందే లెక్కగట్టి, దానికి తగినట్లు కథనల్లువాడు ఆ దురభిమానమునకు ఎరువు వేయుచున్నాడు.

వాంగ్ 1961లో మరణించినది. చీనా సంతతికి చెందిన మిషెల్ యో అను నటికి అదే ఉత్తమ నటి బహుమానము లభించినది 2023లో. నడుమ ఎనుబదియైదేండ్లు గడచినవి.

ఇది పరదేశపు గొడవయని మనము నిశ్చింతగ నుండదగునా? పెండ్లిచూపుల నాడు పిల్ల ఛాయను గూర్చి, “మాకు పట్టింపు లేదు, చుట్టములేమందురో” అను మాట నేనెన్ని యిండ్లలోనో వింటిని. ఆ మాటయు అంగడి నెపమే. ఆ చుట్టములు మఱెవరో కారు. ఇతరుల పెండ్లికి మనమే చుట్టములము.