మూడు వారాల పని

బ్రిటన్ స్టూడెంట్ వీసాకి ఎన్నాళ్లు పడుతుందని ఎవరడిగినా, 2024 దాకా నేను ఆలోచించకుండా చెప్పేవాణ్ణి: "మూడు వారాలు." కోవూరు బజారులో ఎరువుల అంగడి నాది. యూరియా కొన్నవాళ్లకి సలహా ఊరికే ఇస్తాను. మూడు వారాలన్నది అబద్ధం కూడా కాదు. బయటి దేశం నుంచి దరఖాస్తు పెడితే, వేలిముద్రలిచ్చాక మామూలుగా మూడు వారాల్లో తేల్చేస్తామని అక్కడి ప్రభుత్వమే చెబుతుంది. మా అమ్మాయికి మాత్రం పది నెలలు పట్టింది. ఆ పదిలో దాదాపు నాలుగు నెలలకి కారణం నేనొక్కణ్ణే.

వీసా అంటే చిటికెలో పని అన్న ధీమా నాకు మా ఇంటి అరుగు మీద పట్టుకుంది. హైదరాబాదు అమెరికా కాన్సులేటులో వీసాలివ్వడం మొదలైంది 2009లో. అంతకు ముందు తెలుగువాళ్లందరికీ చెన్నై జెమినీ ఫ్లైఓవర్ పక్కనున్న కాన్సులేటే దిక్కు. ఒంగోలు, గుంటూరు వైపు బంధువులు ముందురోజు సాయంత్రం పడుగుపాడులో ప్యాసింజరు దిగి మా ఇంట్లో పడుకునేవాళ్లు. మా అమ్మ చేపల పులుసు కాచబోతే "రేపు ఇంటర్వ్యూ అత్తా, నీచు వద్దులే" అనేవాళ్లు. తెల్లారగట్ల బస్సెక్కి పోయి, రాత్రికి తిరిగొచ్చేవాళ్లు. వాకిట్లో చెప్పులు విడిచే తీరు చూస్తేనే వచ్చిందో రాలేదో తెలిసిపోయేది. వచ్చినవాళ్లు అప్పుడు అడిగి మరీ పులుసు పోయించుకునేవాళ్లు. నాకు కనిపించిందల్లా ఆ ఒక రాత్రి, ఒక పగలు. అంతకు ముందు ఏడాది పాటు వాళ్లు పోగేసిన కాగితాలు మా అరుగు దాకా రాలేదు.

అందుకే 2024 ఫిబ్రవరిలో షెఫీల్డ్‌లో పీజీకి మా అమ్మాయికి ఆఫర్ లెటర్ వచ్చినప్పుడు, "సెప్టెంబరులో గదా క్లాసులు, ఇంకా యాడుందిలే" అన్నాను. దానికి అప్పటికి పాస్‌పోర్టే లేదు. టెన్త్ మెమోలో ఇంటిపేరు పొడి అక్షరంగా ఉంది, పాస్‌పోర్టు ఫారం ఇంటిపేరుని విడిగా, పూర్తిగా అడుగుతుంది. ఎలా రాయాలని నలుగురిని అడిగి, నాలుగు రకాలుగా విని, ఏప్రిల్‌కి గానీ తిరుపతి సేవా కేంద్రానికి పోలేదు. ఆ ఏడు మే 13న ఎన్నికలు. పోలీసులు బందోబస్తులో ఉన్నారు. వెరిఫికేషన్‌కి కానిస్టేబులు మా గడప తొక్కేసరికి ఓట్లేసిన సిరా కూడా మా వేళ్ల మీద వెలిసిపోయింది. వాళ్లననుకుని ఏం లాభం? మార్చిలో పెట్టుంటే ఆ గొడవే లేదు.

తర్వాత లోను. మూడెకరాల మాగాణి ఉంది గదా, పట్టాదారు పాసుపుస్తకం చంకన పెట్టుకుని బ్యాంకుకి పోయాను. మేనేజరు దాన్ని తెరవకుండానే వెనక్కి నెట్టాడు. ఎందుకో ఆయనే ఓపిగ్గా చెప్పాడు. బాకీ తీరకపోతే తాకట్టు ఆస్తిని కోర్టు మెట్లెక్కకుండా స్వాధీనం చేసుకునే వీలు బ్యాంకులకి 2002 నాటి సర్ఫేసీ చట్టం ఇచ్చింది. ఆ చట్టంలోని 31వ సెక్షన్ వ్యవసాయ భూమిని దాన్నుంచి తప్పించింది. రైతుకి అది రక్ష. అదే రైతు కూతురు చదువుకి అప్పడిగితే పొలం కొరగానిదవుతుంది. చివరికి ఇల్లే పెట్టాల్సి వచ్చింది. ఈసీలు, లింకు డాక్యుమెంట్లు, లాయరు ఒపీనియను, ఇంజనీరు వచ్చి గోడలు కొలిచి వేసిన విలువ... జూను మొత్తం వాటికే సరి. వచ్చిన లోనుతో ఫీజు పూర్తిగా కట్టేశాం. కట్టాక యూనివర్సిటీ వాళ్లు కాస్ అనే నంబరిచ్చారు. అది లేనిదే వీసాకి దరఖాస్తు లేదు. కాసులు పోస్తే గానీ రాదు కాబట్టి పేరు బాగానే కుదిరిందని నవ్వుకున్నాం.

ఇక మిగిలింది ఖర్చుల డబ్బు చూపించడం. నేను దెబ్బ తిన్నది ఇక్కడే. అందుకని కాస్త నిదానంగా చెబుతాను.

లండన్ బయట చదివేవాళ్లు నెలకి 1,023 పౌన్ల చొప్పున తొమ్మిది నెలలకి 9,207 పౌన్లు చూపించాలన్నది అప్పటి నిబంధన. 2025 జనవరి 2న ఆ 1,023ని 1,136 చేశారు, ఆ తర్వాత మళ్లీ పెంచారు. పౌను 107, 108 రూపాయల మధ్య ఆడుతున్న రోజులవి. ఏ రేటు కడతారో అనే గుబులూ అక్కర్లేదు, దరఖాస్తు పెట్టిన రోజు ఓండా వెబ్‌సైటులో ఉన్న రేటే లెక్క. అంటే ఇంచుమించు 9.90 లక్షలు. అయితే ఆ డబ్బు ఉంటే చాలదు, వరసగా 28 రోజులు ఖాతాలో ఉండాలి. ఆ 28 రోజుల్లో ఏ ఒక్కరోజూ నిల్వ ఆ అంకె కిందకి దిగకూడదు. తల్లిదండ్రుల ఖాతా అయినా ఒప్పుకుంటారు, సమ్మతి ఉత్తరం, పిల్ల జనన పత్రం జత చేయాలి. (ఆ జనన పత్రం తీసి చూస్తే పేరు గడి ఖాళీ. పుట్టిన వారానికే రాయించాం, బారసాల ఇంకా కాలేదు. ఇరవై రెండేళ్లు బీరువాలో ఉంది, ఒక్కనాడూ విప్పి చూడలేదు. పేరెక్కించుకునేందుకు అదొక తిరుగుడు.)

జులై 8, సోమవారం, నా ఖాతాలో పదిన్నర లక్షలు ఉండేట్టు చేశాను. ఆగస్టు 4కి 28 రోజులు నిండుతాయి. అంగడిలో క్యాలెండరు మీద ఆ తేదీకి సున్నా చుట్టాను. మధ్యలో మా అమ్మాయి చెన్నై పోయి టీబీ పరీక్ష చేయించుకుని వచ్చింది. ఆర్నెల్లు మించిన వీసాకి మన దేశం నుంచి పోయేవాళ్లకి అది తప్పనిసరి.

జులై 26, శుక్రవారం. పొద్దున పదకొండు ప్రాంతంలో మా బావమరిది అంగడికి వచ్చాడు. నెల్లూరులో ప్లాటు రిజిస్ట్రేషను, ఆ పూటే. రెండు లక్షలు తగ్గాయి. "బ్యాంకులో ఎఫ్‌డీ ఉండాది బావా, తీసేదానికి రెండు దినాలు పడుద్ది. సోమారం నీ ఖాతాలో ఏసేస్తా" అన్నాడు. వాడు మాట తప్పే మనిషి కాదు. మా ఆవిడేమో వాళ్ల తమ్ముడైనా సరే ఆ డబ్బు జోలికి పోవద్దని ముందే చెప్పి ఉంది. ఫోను తీసి పంపించేశాను. ముప్పై ఏళ్లుగా చిట్టా రాసే చెయ్యి నాది. పోయినది తిరిగొస్తే జమ, ఖర్చు కొట్టేసుకుంటాయి, అడుగున మొత్తం సరిపోతుంది. నాకు తెలిసిన లెక్క అదే.

సోమవారం మధ్యాహ్నానికి వేసేశాడు కూడా.

ఆగస్టు 5న బ్యాంకులో స్టేట్‌మెంటు తీసుకుని సీలు వేయించుకున్నాను. మేనేజరు బల్ల పక్కన నిలబడి చూశాను. రెండో పేజీ మధ్యలో 26వ తేదీ వరస. ఎడమ పక్కన రెండు లక్షలు, కుడి చివర నిల్వ ఎనిమిదిన్నర లక్షలు. దాని కింద గీతలోనే 29వ తేదీ, మళ్లీ పదిన్నర. రెండు గీతల మధ్య వెంట్రుక వాసి జాగా. చూశాను. చూసి, కాగితాలు మడిచి కవర్లో పెట్టాను.

నెల్లూరులో కన్సల్టెన్సీ కుర్రాడు మొదటి గీత చూశాడు, చివరి గీత చూశాడు, సరేనన్నాడు. బయటికొచ్చాక మా అమ్మాయి అడిగింది: "నాయనా, మధ్యలో ఖాతా కదిలించలేదు గదా?"

"లేదమ్మా" అన్నాను.

ఎందుకన్నానో ఇప్పటికీ నాకు నేను చెప్పుకుంటూనే ఉన్నాను. ఉందంటే ఎవరికిచ్చావంటుంది. వాళ్ల మామకంటే ఇంట్లో రాత్రికి గొడవ. తిరిగొచ్చిన రెండు లక్షల కోసం గొడవెందుకు? ఆ నిమిషానికి నేను తప్పించుకుంది మా ఆవిడ నుంచి, దొరికిపోయింది బిడ్డ విషయంలో.

ఆ సాయంత్రమే ఆన్‌లైనులో దరఖాస్తు పెట్టింది. వీసా ఫీజు 490 పౌన్లు, అక్కడి వైద్యం కోసం ముందే కట్టే సర్‌చార్జి ఇంకో 1,164. ఎనిమిదో తేదీ చెన్నైలో వేలిముద్రలు. మూడు వారాలకి, సరిగ్గా ఆగస్టు 29న, మెయిలు వచ్చింది. మూడు వారాలని నేను చెప్పింది అక్షరాలా జరిగింది!

అప్పుడు నేను అంగడిలో డీఏపీ బస్తాలు దింపిస్తున్నాను. అమ్మాయి ఫోను పట్టుకుని వచ్చి, ఏమీ అనకుండా తెర నా వైపు తిప్పింది. ఇంగ్లీషులో రెండు పేజీలు. నాకు ఇంగ్లీషు అంతంత మాత్రమే, అంకెలు మాత్రం ఏ భాషలో ఉన్నా ఇట్టే కనబడతాయి. 26 జులై అన్న తేదీ, దాని పక్కన ఎనిమిదిన్నర లక్షలు. ఆ గీతని మేనేజరు బల్ల దగ్గర నేను చూసినంత సేపు కూడా వాళ్లు చూసి ఉండరు.

నిజం చెప్పాలంటే అప్పుడు కూడా ఒప్పుకోలేదు. "రెండ్రోజులకే వీసా ఆపుతారా? తెల్లోళ్లకి మనమంటే చులకన" అని అంగట్లోకి వచ్చినవాళ్లందరికీ చెప్పాను. వాళ్లూ తలూపారు. నిర్ణయం మీద అడ్మినిస్ట్రేటివ్ రివ్యూ అడగొచ్చని, దానికీ 28 రోజుల గడువే ఉందని తెలిసి కన్సల్టెన్సీకి పరిగెత్తాను. ఆ కుర్రాడు అంతా విని, మెల్లగా అడిగాడు: "సార్, వాళ్ల వైపు పొరపాటు జరిగుంటే రివ్యూ అడగొచ్చు. జరిగిందాండీ?"

ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని చెప్పాను. ఎవరికిచ్చిందీ, ఎప్పుడొచ్చిందీ, స్టేట్‌మెంటు చూసీ మడిచిందీ. మా ఆవిడ గట్టిగా తిడుతుందనుకున్నాను. లేచిపోయి పెరట్లో బట్టలు తీసుకొచ్చుకుంది. అమ్మాయి మాత్రం ఫోనులో క్యాలెండరు తెరిచి, వేలితో లెక్కపెట్టడం మొదలుపెట్టింది. జులై 29న డబ్బు నిండింది గదా, అక్కణ్నుంచి 28 రోజులంటే ఆగస్టు 25. ఆ మర్నాడు దరఖాస్తు పెట్టి, ఆ వారంలో వేలిముద్రలిచ్చి ఉంటే, మూడు వారాలేసుకున్నా సెప్టెంబరు మూడో వారానికి తేలిపోయేది. క్లాసులు 23న. ఇరుకే గానీ అందేది. "ఆ రోజు కవరు బయట పెట్టుంటే ఇరవై ఒక్క రోజులు ఆగేవాళ్లం నాయనా, అంతే" అంది. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే నాకు సులువయ్యేది.

నారుమడి సంగతి నా దగ్గర సలహాకొచ్చే ప్రతి రైతుకీ చెబుతాను. నారు ముదిరినా, మధ్యలో ఎండగట్టినా, తర్వాత ఎంత మందేసినా ఆ తేడా పంటలో కనబడుతుంది. "ఎండింది రెండ్రోజులే గదా, మళ్లీ నీళ్లు పెట్టా" అంటే చేను వింటుందా అని వాళ్లని వెక్కిరించిన రోజులున్నాయి. చిట్టా లెక్క వేరు, మడి లెక్క వేరు అని నాకు తెలియక కాదు. బ్రిటన్ వాళ్లది మడి లెక్క అని తట్టలేదంతే.

వాడిన కాస్ మళ్లీ పనికిరాదు, కొత్తది కావాలి. సెప్టెంబరుకి ఆలస్యమైందని యూనివర్సిటీ వాళ్లు జనవరి బ్యాచ్‌కి మార్చారు. సర్‌చార్జి వెనక్కొచ్చింది, 490 పౌన్లు పోయినట్టే. షెఫీల్డ్‌లో గదికి కట్టిన అడ్వాన్సు, టిక్కెట్టు రద్దు చేసినందుకు కోసుకున్నది వేరే. పాతవాటిలో మళ్లీ అక్కరకొచ్చింది టీబీ సర్టిఫికెట్టు ఒక్కటే, ఆర్నెల్ల గడువు ఇంకా తీరలేదు. కొత్త కాస్ నవంబరులో వచ్చింది. ఈసారి డబ్బు మా ఆవిడ ఖాతాలో పెట్టాం. డెబిట్ కార్డు ఎక్కడ దాచిందో నాకు చెప్పలేదు, నేనూ అడగలేదు. డిసెంబరు మధ్యలో పాస్‌పోర్టు మీద తొంభై రోజుల స్టిక్కరుతో వీసా వచ్చింది. ఆ నాలుగు నెలలూ పిల్ల పగలంతా గది తలుపేసుకుని ఉండేది. "ఇంకా పోలేదా మ్మే?" అని అడిగేవాళ్లకి భయపడి బజారు వైపు రావడమే మానేసింది. ఆ భయానికి ఏ రసీదులోనూ అంకె లేదు.

ఆలస్యాలన్నీ మన చేతివే అనను. 2025 మే 27న అమెరికా కొత్త స్టూడెంట్ వీసా ఇంటర్వ్యూల స్లాట్లు ఆపేసింది. జూన్ 18న మళ్లీ తెరుస్తూ, సోషల్ మీడియా ఖాతాలు అందరికీ కనబడేట్టు పెట్టమంది. ఆ మూడు వారాలు మన పిల్లలు ఏ తప్పూ లేకుండా అర్ధరాత్రి దాకా ఫోన్లు ముందేసుకుని కూర్చున్నారు. చిలుకూరు బాలాజీకి పదకొండు ప్రదక్షిణలు చేసి మొక్కుకోవడం తప్ప వాళ్లు చేయగలిగింది లేదు. వాళ్లది కష్టం. నాది అలాంటిది కాదని తెలిసే ఇది రాస్తున్నాను.

మొన్న కార్తీకంలో పొలం మందుల కోసం ఒకాయన వచ్చాడు. పోతా పోతా సంచిలోంచి బ్యాంకు స్టేట్‌మెంటు తీసి బల్ల మీద పెట్టాడు. కొడుకు బ్రిటన్ పోతాడంట. "మీ పాప పోయింది గదన్నా, ఒకసారి చూడు. వీసాకి ఎన్నాళ్లు పడుద్ది?"

మొదటి పేజీ, చివరి పేజీ తిప్పేసి మధ్య పేజీ తీశాను. ఒక గీత మీద వేలాగింది.

"ఈ లక్షన్నర ఏంది?"

"అదా, మా అన్న ఆస్పత్రికంటే ఇచ్చా. మళ్లా ఏసేశాడులే."

"ఏ తారీకు ఏశాడు?"

"పదకొండు."

గోడ మీది క్యాలెండరు దించి బల్ల మీద పరిచాను. "పెన్సిలందుకో. పదకొండు నుంచి లెక్కపెడదాం."