రేవుకు తిరిగి వచ్చిన ఓడ



2022 జూన్ 8వ తేదీన విశాఖపట్నం ఓడరేవుకు ఒక విహార నౌక వచ్చింది. దాని పేరు ఎంప్రెస్. కార్డీలియా అనే సంస్థవారు విశాఖపట్నం, పుదుచ్చేరి, చెన్నైల మధ్య నడపడానికి దానిని తీసుకొనివచ్చారు. పదకొండు అంతస్తుల తెల్లని ఓడ. లోపల హోటళ్ళు, ఈతకొలను, నాటకశాల ఉన్నాయని పత్రికలన్నీ వ్రాశాయి. మా ఊరి పిల్లలు సెల్‌ఫోనులో దాని బొమ్మ ఒకరికొకరు చూపించుకొని ఆశ్చర్యపడ్డారు. కరోనా కాలంలో నిలిచిపోయిన ఓడలు మరల తిరుగుతున్నాయని మా వంటి పల్లెటూరి వారికి కూడా అలా తెలిసింది.

ఆ వారంలోనే మా సంఘములోని ఒక తల్లి వచ్చి మా అరుగు మీద కూర్చుంది. ఆమెది కళింగపట్నానికి దగ్గరలోని సముద్రపు ఒడ్డు గ్రామం. భర్త లేడు. ఒక్కడే కొడుకు. విదేశీ విహార నౌకలో వంటశాల పనికి వెళ్ళి, 2020లో తిరిగివచ్చి, అప్పటినుండి పైడిభీమవరంలో ఒక ఫ్యాక్టరీలో రోజు కూలికి పోతున్నాడు.

"ఓడలు మళ్ళీ తిరుగుతన్నాయంట అయ్యగారూ. మా గుంటడు మళ్ళీ ఎల్తానంటన్నాడు. పంపమంటారా, వద్దంటారా? మీరే సెప్పండి" అన్నది.

నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఎందుకు చెప్పలేకపోయానో ముందుకు వ్రాస్తాను. "అమ్మా, ముందు ఆ ఓడను ఒకసారి చూసి వద్దాం. అబ్బాయిని కూడా రమ్మను" అన్నాను.

ఓడ మరల రేవుకు వచ్చే రోజు తెలుసుకొని, ఆ నెలలోనే ఒక ఉదయం ముగ్గురం శ్రీకాకుళంలో విశాఖ బస్సు ఎక్కాము. రణస్థలం, పూసపాటిరేగ, భోగాపురం, తగరపువలస మీదుగా దారి. జీడితోటలు, సరుగుడు తోటలు, తాటిచెట్లు వెనక్కి పోతుంటే ఆ తల్లి కిటికీ ప్రక్కన కూర్చొని, ఒడిలో అన్నం మూట పెట్టుకొని, ఒక్క మాట కూడా మాట్లాడలేదు. ఆమె మౌనం చూస్తూ నేను మన తీరానికీ ఓడలకూ ఉన్న పాత సంబంధం గురించి ఆలోచించాను.

శ్రీకాకుళం జిల్లాకు 193 కిలోమీటర్ల సముద్రతీరం ఉన్నది. వంశధార సముద్రంలో కలిసే చోట కళింగపట్నం, ఉత్తరాన బారువ, ఇటు భీమునిపట్నం. ఈ రేవులకు ఒకప్పుడు స్టీమర్లు వచ్చేవి. ఒడ్డున లోతు చాలక స్టీమరు దూరంగా లంగరు వేసేది. మనుషులను పడవలలో అలలు దాటించి ఎక్కించేవారు. వాటిలో ఎందరో కూలి జనం బర్మాలోని రంగూనుకు వెళ్ళారు. మన పెద్దలు దానిని "రంగం" అనేవారు. అక్కడి బియ్యపు మిల్లులలో, రేవులో మూటలు మోసిన చేతులు మన వారివి. 1930 మే నెలలో రంగూను రేవులో తెలుగు కూలీలకూ బర్మా కూలీలకూ మధ్య రేగిన అల్లర్లలో మన వారు అనేకులు చనిపోయారు. 1942లో జపాను సైన్యం వచ్చినప్పుడు ఓడ దొరకని వారు అడవులు, కొండలు దాటుకుంటూ కాలినడకన తిరుగుముఖం పట్టారు. దారిలో ఆకలికీ జబ్బులకూ పడిపోయినవారికి లెక్క లేదు.

విశాఖ ఓడరేవులోకి 1933 అక్టోబరు 7న మొట్టమొదట వచ్చిన జలదుర్గ కూడా ప్రయాణికుల ఓడే. తరువాతి కాలంలో మన జిల్లాలవారు ఎందరో ఓడలెక్కి అండమాన్ వెళ్ళి స్థిరపడ్డారు. శ్రీ విజయపురం (పాత పేరు పోర్ట్ బ్లెయిర్) వీధులలో ఇప్పటికీ మన యాస వినబడుతుంది. ఓడ అనగానే పట్టణపు వారికి షికారు గుర్తుకు వస్తుందేమో గాని, మన ఇండ్లలో ఆ మాట వెనుక ఎవరో ఒకరి కూలి, ఎవరో ఒకరి ఎదురుచూపు ఉంటాయి.

విశాఖలో దిగి పాతనగరం చేరాము. ఓడరేవు గేటు లోపలికి టికెట్టు లేనివారికి ప్రవేశం లేదు. అందుచేత రాస్ కొండ ఎక్కాము. అక్కడ ప్రక్కప్రక్కనే మూడు కొండలు. ఒకదానిపై చర్చి, ఒకదానిపై దర్గా, ఒకదానిపై వేంకటేశ్వరుని గుడి. మూడింటి క్రిందుగానే ఓడలు వస్తూ పోతూ ఉంటాయి. ఎదురుగా డాల్ఫిన్ నోస్ కొండ. దూరంగా, క్రేన్ల మధ్య, ఆ తెల్లని ఓడ కనబడింది. ఊరిలోని మేడలన్నీ ఒకదానిపై ఒకటి పేర్చినట్లున్నది.

ఆ ఓడకూ ఒక కథ ఉన్నది. అది 1990లో నిర్మించినది. రాయల్ కరీబియన్ అనే పెద్ద సంస్థ దానిని చాలాకాలం నడిపి, కరోనా వలన రాబడి లేక 2020 డిసెంబరులో అమ్మివేసింది. అదే సంవత్సరం మన దేశంలో జలేష్ అనే విహార నౌకల సంస్థ మూతపడింది. దాని ఓడ కర్ణికను గుజరాత్‌లోని అలంగ్ తీరంలో విడగొట్టివేశారు. ఈ ఎంప్రెస్ మాత్రం క్రొత్త యజమానుల చేతిలో బ్రతికి, 2021 సెప్టెంబరులో ముంబయి నుండి మరల ప్రయాణం మొదలుపెట్టి, ఇక్కడిదాకా వచ్చింది.

"నువ్వు ఎక్కడ పడుకునేవాడివిరా?" అని తల్లి అడిగింది.

కొడుకు చెయ్యి చాపి చూపించాడు. "ఆ ఆఖరి కిటికీల వరస ఉందా, దానికింకా కిందన. నీటి మట్టానికి దగ్గర్లో. ఇద్దరికి ఒక గది."

"కిటికీ నేదా?"

"నేదమ్మా."

ఆమె చాలాసేపు ఆ క్రింది భాగం వైపే చూసింది. పై అంతస్తుల వైపు చూడలేదు.

ప్రియులారా, ఇక్కడే నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. 2020 మార్చిలో, ఇంకా లాక్‌డౌన్ రాకముందు, ఒక ఆదివారం నేను డైమండ్ ప్రిన్సెస్ అనే ఓడ గురించి ప్రసంగంలో చెప్పాను. ఆ సంవత్సరం ఫిబ్రవరిలో జపానులోని యొకొహామా రేవులో ఆ ఓడను ఆపివేశారు. అందులో 3,711 మంది. వారిలో 712 మందికి కరోనా సోకింది. ఆటపాటలలో తేలియాడే ఓడ ఎలా ఆగిపోయిందో చూడండి, సుఖభోగాల గతి ఇంతే అని గట్టిగా చెప్పాను. ఆరాధన ముగిసిన తరువాత ఈ తల్లి నా చేతిలో ప్రార్థన చీటీ పెట్టింది. "నా కొడుకు ఓడలో ఉన్నాడు" అని మాత్రమే అందులో ఉంది. నేను ఎవరిని గూర్చి మాట్లాడానో అప్పుడు నాకు తెలిసింది.

ఆ తరువాత నేను చదివి తెలుసుకున్నాను. డైమండ్ ప్రిన్సెస్‌లో 138 మంది భారతీయులు ఉంటే వారిలో 132 మంది పనివారే. ప్రయాణికులను గదులలో ఉండమన్నారు. వారి గుమ్మాల వద్దకు భోజనం పళ్ళెములు మోసినది పనివారు. ప్రయాణికులు విడివిడిగా గదులలో ఉంటే, పనివారు ఒకే గదిలో ఇద్దరు ముగ్గురు పడుకొని, ఒకే చోట భోజనం చేసి, ఉదయమే మరల పనికి లేచారు. ఓడ పని ఆగితే అందరూ ఆకలితో ఉండవలసినదే గదా! ఫిబ్రవరి 27న మన ప్రభుత్వం విమానం పంపి 119 మంది భారతీయులను ఇంటికి తెచ్చింది. జబ్బు సోకినవారు అక్కడి ఆసుపత్రులలో ఉండిపోయారు.

క్వారంటైన్ అనే మాటే ఓడరేవులో పుట్టినది. కొన్ని వందల సంవత్సరాల క్రిందట ఇటలీలోని వెనిస్ పట్టణంవారు తెగుళ్ళ భయంతో వచ్చిన ఓడలను నలభై రోజులు దూరంగా నిలిపేవారు. వారి భాషలో నలభైని చెప్పే మాటనుండి ఇది వచ్చింది. 2020లో మన నావికులకు ఆ నలభై రోజులు నెలలయ్యాయి. ఆ సంవత్సరం చివరకు ప్రపంచమంతటా సుమారు 4 లక్షల మంది నావికులు, కాంట్రాక్టు ముగిసినా ఇంటికి రాలేక ఓడలలోనే ఉండిపోయారని అంతర్జాతీయ సముద్రయాన సంస్థ లెక్క కట్టింది.

మన పల్లెలవారు పడవలలో కూడా చిక్కుకున్నారు. గుజరాత్‌లోని వెరావల్‌కు చేపలవేటకు వెళ్ళిన ఉత్తరాంధ్ర మత్స్యకారులు నాలుగు వేలమందికి పైగా రేవులోని పడవలలోనే వారాల తరబడి ఇరుకుగా బ్రతికారు. ఏప్రిల్ చివర బస్సులలో వారిని బయలుదేరదీస్తే, దేశం ఆ కొననుండి ఈ కొనకు రోడ్డు మీదుగా వచ్చారు.

ఈ అబ్బాయి ఓడ కూడా ఒక విదేశపు తీరాన లంగరు వేసి ఉండిపోయింది. ప్రయాణికులందరినీ దించివేశాక పనివారిని ఖాళీ గదులలో ఒక్కొక్కరిగా ఉంచారట. "అప్పుడే అయ్యగారూ, మొదటిసారి కిటికీ ఉన్న గదిలో పడుకున్నాను. ఒడ్డు కనబడేది. దిగనిచ్చేవారు కారు" అన్నాడు నవ్వుతూ. పని లేదు గనుక కొంతకాలానికి జీతమూ ఆగిపోయింది. ఇక్కడ తల్లి మెడలోని గొలుసు తాకట్టులో ఉన్నది. వెళ్ళేటప్పుడు ఒక ఏజెంటుకు కట్టిన లక్షన్నర కోసం పెట్టిన తాకట్టు అది. ఆగస్టులో విమానంలో వచ్చి, క్వారంటైన్ ముగించుకొని ఇంటి గుమ్మం ఎక్కాడు.

కొండమీద చెట్టునీడను అన్నం తింటూ అతనిని అడిగాను, "ఇంత జరిగినా మరల ఎందుకు వెళ్తానంటున్నావు నాయనా?"

"గొలుసు ఇంకా విడిపించలేదండి" అన్నాడు. కొంచెం ఆగి, "పని వచ్చండి. ఆ పని నాకు బాగా వచ్చు" అన్నాడు. ఆ రెండవ మాట నన్ను ఎక్కువగా కదిలించింది.

ఓడలు ఊరకనే తిరిగి రాలేదు. 2021 జూన్‌లో అమెరికాలో పెద్ద విహార నౌకలు మరల కదిలినప్పుడు టీకాలు, పరీక్షలు, రోగులకు వేరు గదులు అనే నియమాలు పెట్టారు. అయినా ముప్పు పూర్తిగా పోలేదు. 2022 జనవరి మొదట్లో ఇదే ఎంప్రెస్ ముంబయి నుండి గోవా చేరినప్పుడు, అందులోని రెండు వేలమందిలో 66 మందికి మొదట కరోనా బయటపడింది. కనుక ఆ తల్లి భయం అజ్ఞానపు భయం కాదు. ఆ కొడుకు ఆశ కూడా దురాశ కాదు. ఆ రోజు ఇద్దరి మధ్య కూర్చొని నేను నేర్చుకున్నది ఇదే. పంపవచ్చునా అని అడగడానికి ముందు, ఎలా తిరిగి వస్తాడు అని అడగాలి.

దిగివచ్చాక రేవు పని తెలిసిన ఒక పెద్దాయనను కలిసి వివరములు వ్రాసుకున్నాను. మీ ఇండ్లలో కూడా ఓడ ఉద్యోగం మాట రావచ్చును గనుక ఇక్కడ ఇస్తున్నాను.

ఓడలకు మనుషులను పంపే సంస్థకు కేంద్ర ప్రభుత్వపు షిప్పింగ్ డైరెక్టర్ జనరల్ కార్యాలయం ఇచ్చిన లైసెన్సు ఉండాలి. ఏజెంటు చూపించే కాగితం నమ్మకుండా, ఆ కార్యాలయం జాబితాలో పేరు, నంబరు చూడాలి. ఉద్యోగం ఇప్పించినందుకు నావికుని దగ్గర సొమ్ము తీసుకోవడం చట్టవిరుద్ధం. శిక్షణకు, పాస్‌పోర్టుకు అయ్యే ఖర్చు వేరు. నిప్పు ఆర్పడం, ప్రథమ చికిత్స, నీటిలో ప్రాణం కాపాడుకోవడం నేర్పే ప్రాథమిక శిక్షణ, సీడీసీ అనే నావికుల పుస్తకం ఉండాలి. 2006 నాటి అంతర్జాతీయ నావిక కార్మిక ఒడంబడికను మన దేశం 2015లో అంగీకరించింది. దాని ప్రకారం కాంట్రాక్టు ముగిసిన నావికుని ఇంటికి చేర్చే ఖర్చు ఓడ యజమానిది. కాంట్రాక్టు నకలు ఒకటి ఇంట్లో ఉంచుకొనండి. అందులో ఓడ పేరు, జీతం, తిరిగి వచ్చే నెల స్పష్టంగా ఉన్నాయో లేదో చదువు వచ్చినవారిచేత చదివించుకొనండి.

అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయములో పౌలు ఎక్కిన ఓడ మీకందరికీ తెలిసినదే. తుపానులో ఓడ బద్దలైనా అందులోని 276 మందీ ఒడ్డు చేరారు. వారిలో ఖైదీలున్నారు, సైనికులున్నారు, ఓడ పనివారున్నారు. ఆ లెక్కలో ఎవరినీ విడిచిపెట్టలేదు. నేను మార్చి నెల ప్రసంగంలో విడిచిపెట్టినది ఆ పనివారినే. మరుసటి ఆదివారం సంఘము ఎదుట ఆ మాట చెప్పి క్షమాపణ కోరాను.

పాత ఏజెంటును మానివేసి, లైసెన్సు ఉన్న సంస్థ ద్వారా, పైసా కట్టకుండా ఆ అబ్బాయి ఆ సంవత్సరం చివర వెళ్ళాడు. విశాఖలో 96 కోట్ల రూపాయలతో కట్టిన క్రొత్త విహార నౌకల టెర్మినల్‌ను 2023 సెప్టెంబరు 4న ప్రారంభించేనాటికి అతడు కాంట్రాక్టు ముగించుకొని ఇంటిలోనే ఉన్నాడు. గొలుసు తల్లి మెడలోకి వచ్చింది.

అతడు ఓడమీద ఉన్న తొమ్మిది నెలలూ ఆమె ఇంటి గోడకు మన సంఘపు క్యాలెండరు వ్రేలాడింది. తిరిగి వచ్చే తేదీ చుట్టూ ఎర్ర పెన్సిలుతో ఒక సున్న చుట్టి ఉంది. చదువు రాని ఆమె, దానినొక్కటి చదవగలిగేది.